తెల్లగీతలు పట్టిన ముందు రిమ్ము, గాలి నిలవని వెనక రిమ్ము: ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని మోటార్‌సైకిలుకు ముందూ వెనకా డిస్క్ బ్రేకులు, ట్యూబ్‌లెస్ టైర్లు, పోత అల్యూమినియంతో చేసిన అల్లాయ్ చక్రాలు ఉన్నాయి. చక్రాలకు నల్ల పెయింటు వేసి, రిమ్ము అంచును మాత్రం లేత్ మీద చెక్కి, ఆ మెరిసే లోహం మీద రంగులేని క్లియర్ కోటు పూశారు. బండి సముద్రానికి దగ్గరలో ఉంటుంది, రాత్రిళ్ళు ఎక్కువగా ఆరుబయటే నిలుస్తుంది. యజమాని చెప్పిన ఫిర్యాదులు రెండు. ముందు రిమ్ము అంచు మీద వచ్చిన తెల్లగీతలు ఎంత రుద్దినా పోవడం లేదు. వెనక టైరులో గాలి కొద్దిరోజులకే తగ్గిపోతోంది, పంక్చర్ షాపులో చూపిస్తే మేకు గాని ముల్లు గాని దొరకలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని ఆయన అనుకోలేదు. మొదటిది అందానికి సంబంధించినదిగా, రెండవది టైరుకు సంబంధించినదిగా విడివిడిగా చెప్పారు. రెండింటి మూలమూ ఒకటే కావడం వల్లనే, అందులోనూ ఆ మూలంలో సగం శుభ్రం చేసిన పద్ధతిలోనే ఉండటం వల్లనే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

చక్రం మీద చేయి వేసే ముందు ఇంతకాలం దాన్ని ఎలా కడిగారో అడిగి రాసుకోవడం నా పద్ధతి. ప్రయాణం నుంచి తిరిగి రాగానే, డిస్కు ఇంకా వేడిగా ఉండగానే ఆయన నీళ్ళు కొట్టేవారు. ముందు చక్రం మీది గోధుమరంగు మరకలు షాంపూతో పోకపోవడంతో, బాత్‌రూమ్ టైల్స్ కడిగే యాసిడ్‌ను నీళ్ళలో కలిపి బ్రష్షుతో పూయడం మొదలుపెట్టారు. వెనక రిమ్ము మీది చైన్ జిడ్డును గిన్నెలు తోమే స్టీలు పీచుతో గీకేవారు. మరకలు పోయిన మాట నిజమే కాబట్టి ఆ పద్ధతినే కొనసాగించారు.

ఈ రెండు అలవాట్లూ అల్యూమినియానికి ఎందుకు పడవో చెప్పాలి. గాలి తగలగానే అల్యూమినియం మీద కొన్ని నానోమీటర్ల మందం గల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. లోపలి లోహాన్ని కాపాడేది ఆ పొరే. పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 వరకు ఉన్న నీటిలో అది నిలకడగా ఉంటుంది, అంతకన్నా ఆమ్లమైనా క్షారమైనా కరిగిపోతుంది. టైల్స్ యాసిడ్‌లో సాధారణంగా ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది ఆక్సైడ్‌ను కరిగించడంతో ఆగకుండా, సరిగ్గా కడగని మూలల్లో క్లోరైడ్‌ను వదిలి వెళుతుంది. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు చేసే పని కూడా సరిగ్గా ఇదే. ఇక స్టీలు పీచు క్లియర్ కోటును గీరడమే కాకుండా సన్నని ఇనుప తునకలను ఆ గీతల్లో వదిలేస్తుంది. తడి తగిలితే అవి తుప్పుచుక్కలవుతాయి, పక్కనే ఉన్న అల్యూమినియం క్షయాన్ని వేగవంతం చేస్తాయి. ‘వీల్ యాసిడ్’ పేరుతో వచ్చే కొన్ని ద్రావకాలలో అమ్మోనియం బైఫ్లోరైడ్ వంటి ఫ్లోరైడ్ లవణాలు ఉంటాయి. వాటి నుంచి పుట్టే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం గుండా లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది కాబట్టి, రిమ్ము సంగతి అటుంచి, మనిషి క్షేమం కోసమైనా నేను వాటిని పనిలోకి రానివ్వను.

పరీక్ష

రిమ్మును ముందుగా పొడిగా ఉన్నప్పుడే చూడాలి. తడిసిన రిమ్ము ఎప్పుడూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది, ఎందుకంటే లేచిన క్లియర్ కోటు కిందికి నీరు చేరగానే తెల్లదనం మాయమై లోహం మెరుస్తుంది. బండిని ప్యాడాక్ స్టాండు (చక్రం నేలకు తగలకుండా ఎత్తిపట్టే స్టాండు) మీద నిలిపి, టార్చి వెలుగును రిమ్ముకు దాదాపు సమాంతరంగా పట్టి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చూశాను. ఇంజను నడిపి గేరులో చక్రం తిప్పుతూ తుడవడం చాలామంది చేసే పనే అయినా, చైనుకూ స్ప్రాకెట్‌కూ మధ్య గుడ్డ చిక్కుకుంటే వెంట వేలు కూడా పోతుంది. ఏ పరిస్థితిలోనూ అలా చేయకూడదు.

ముందు చక్రం మీద మూడు వేర్వేరు లోపాలు కనిపించాయి. డిస్కు వైపున ఊచల మొదళ్ళలో ముదురు గోధుమరంగు మసి గట్టిగా పట్టి ఉంది. ఇది బ్రేకు పొడి. ప్యాడ్ల నుంచీ డిస్కు నుంచీ రాలిన లోహపు రేణువులు, ప్యాడ్లలోని రెసిన్, రోడ్డు దుమ్ము కలిసి వేడికి అతుక్కుపోయిన ముద్ద అది. రెండవది రిమ్ము అంచున ఆవగింజంత రాతిదెబ్బలు. వాటిలో కొన్నింటి నుంచి మూడవది మొదలైంది: వెంట్రుక కన్నా కొంచెం లావుగా, వంకరటింకరగా, చెదలు కట్టిన మట్టిబాటల్లా క్లియర్ కోటు కింద పాకిన తెల్లగీతలు. ఒక గీత మీద గోరు ఆనించి అడ్డంగా లాగితే, కోటు చిన్నగా చిటపటమంటూ రేకులా లేచింది. దాని కింద తెల్లని పొడి, పొడి కింద కాంతి తగ్గిన బూడిదరంగు లోహం ఉన్నాయి. యజమాని ఇంతకాలం రుద్దింది గీతల మీద కాదు, వాటిపైన ఉన్న గాజులాంటి పొర మీద. రుద్దినకొద్దీ ఆ పొర ఇంకా పలచబడింది.

వెనక చక్రానికి చైను వైపున నల్లని జిడ్డు మందంగా పేరుకుంది, రెండవ వైపు దాదాపు శుభ్రంగా ఉంది. బ్యాలెన్సు కోసం అతికించిన బరువుల చుట్టూ తెల్లపొడి గట్టింది. గాలి పూర్తిగా నింపి, రిమ్ము అంచుకూ టైరుకూ మధ్యనున్న సందంతా సబ్బునీళ్ళు పూసి కాసేపు వదిలేశాను. వాల్వు దగ్గర ఏమీ రాలేదు. ఆ బరువులకు ఎదురుగా, అంచు వెంబడి సుమారు బెత్తెడు మేర, పెద్ద బుడగలు కాకుండా పాలనురుగులాంటి సన్నని నురగ మెల్లమెల్లగా పైకి వచ్చింది. మేకు దిగిన చోట బుడగ ఒకే బిందువు నుంచి లేస్తుంది. ఇలా పొడుగ్గా నురగ కట్టడమంటే టైరు బీడు, అంటే రిమ్మును పట్టుకునే టైరు లోపలి అంచు, కూర్చునే గట్టు మీద ఆక్సైడ్ పేరుకుని, రబ్బరు లోహాన్ని పూర్తిగా హత్తుకోవడం లేదని అర్థం.

అక్కడే చేయాల్సిన పరీక్ష మరొకటి ఉంది. స్వింగ్ ఆర్ముకు (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయికి) ఒక ప్లాస్టిక్ టై కట్టి దాని కొనను రిమ్ము అంచుకు చేరువగా ఉంచి చక్రం తిప్పితే వంపు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఊచలు రిమ్మును కలిసే మూలలను మసి తుడిచి పగుళ్ళ కోసం చూడాలి. వంపు గాని పగులు గాని కనిపించి ఉంటే ఈ కేసు ఇక్కడితో ముగిసేది. పోత చక్రంలో పగులును వెల్డింగ్ చేసి, పైన పెయింటు వేసి అప్పగించడం నేను ఒప్పుకోని పని. ఈ చక్రాలలో అలాంటిదేమీ లేదు.

కడగటం, ఊడదీయటం

మామూలు కడుగుడు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చక్రం చల్లబడ్డాక, నీడలో, పీహెచ్ తటస్థంగా ఉన్న వాహన షాంపూతో, బండి బాడీకి వాడని ప్రత్యేక బకెట్టు, మెత్తని బ్రష్షులతో కడిగాను. ప్రెషర్ వాషర్‌ను హబ్ బేరింగు సీళ్ళ మీదికి, కాలిపర్ల మీదికి, ఏబీఎస్ సెన్సార్ మీదికి తిప్పకుండా దూరం నుంచి మట్టి వదలడానికి మాత్రమే వాడాను. అసలు ఆలోచన అవసరమైంది షాంపూ తరువాత మిగిలిన వాటి విషయంలో, ఎందుకంటే మిగిలిన మురికి ఒక్క జాతిది కాదు.

వెనక చక్రం మీది జిడ్డును ముందు తీయాలి. నీటి ఆధారిత ద్రావకం ఏదైనా జిడ్డు మీద పోస్తే జారిపోతుంది తప్ప లోపలికి దిగదు. గుడ్డను కొద్దిగా కిరోసిన్‌తో తడిపి, జిడ్డు మీద ఆనించి మెత్తబడనిచ్చి తుడిచాను. కిరోసిన్‌ను రిమ్ము మీద నేరుగా పోస్తే అది టైరు పక్కగోడ మీదికీ డిస్కు మీదికీ కారుతుంది. రబ్బరు దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, డిస్కు మీద పడినది ప్యాడ్లకు పడుతుంది. అందుకే డిస్కును ప్లాస్టిక్ కవరుతో చుట్టిపెట్టి, పని అయ్యాక కిరోసిన్ పొర మిగలకుండా మళ్ళీ షాంపూతో కడిగాను.

ముందు చక్రం మీది బ్రేకు పొడికి ఐరన్ రిమూవర్ వాడాను. ఇందులో పనిచేసే పదార్థం థయోగ్లైకొలేట్ లవణం. ఇనుముతో కలిసి అది నీటిలో కరిగే ఊదారంగు సమ్మేళనంగా మారుతుంది. ద్రావకం చల్లిన కాసేపటికి ఊచల మొదళ్ళ నుంచి ఊదారంగు చారలు కారడం మొదలైంది, కుళ్ళిన గుడ్డు వాసన కూడా వచ్చింది. రంగు పుట్టిన చోట మాత్రమే ఇనుము ఉందని గ్రహించాలి. మెత్తని బ్రష్షుతో కదిలించి, ద్రావకం ఆరిపోకముందే నీళ్ళతో కడిగి, మళ్ళీ ఒకసారి చల్లితే రంగు దాదాపు పుట్టలేదు. అయినా గోధుమరంగు నీడ కొంత మిగిలింది. ఇనుము పోయాక మిగిలేది ప్యాడ్ల రెసిన్, దానికి ఐరన్ రిమూవర్ ఎంత పోసినా ప్రయోజనం లేదు. డీటెయిలింగ్ క్లే (పెయింటు మీది మురికిని అంటించుకుని తీసే మెత్తని బంకమట్టిలాంటిది) ముద్దను షాంపూ నీళ్ళతో తడిపి మెల్లగా రుద్దితే అది వదిలింది. యజమానిని యాసిడ్ దాకా నడిపించింది ఈ నీడే. ఒక్కటే మురికి అనుకుని దానికి ఇంకా ఇంకా బలమైన మందు వెతికారు, ఉన్నవి రెండు అని తెలిస్తే రెండూ సాధువైన పద్ధతుల్లోనే పోయేవి.

క్లియర్ కోటు లేచి ఉన్న అంచు మీద మాత్రం ఐరన్ రిమూవర్ చల్లలేదు. సందుల్లోకి దిగిన ద్రావకాన్ని పూర్తిగా కడిగి తీయడం కష్టం, మిగిలిన లవణం మళ్ళీ అదే క్షయానికి మేత అవుతుంది.

కడుగుడు పూర్తయ్యాక చక్రాలు రెండూ విప్పి, టైర్లు ఊడదీయించాను. వెనక రిమ్ము లోపలి వైపు చూశాక యజమానికి వేరే వివరణ అవసరం కాలేదు. సబ్బునీళ్ళు నురగ కట్టిన చోటనే బీడు గట్టు మీద పెయింటు పొక్కులుగా లేచి, తెల్లని ఆక్సైడ్ గరుకుగా, ఉప్పు గడ్డకట్టినట్టు పేరుకుని ఉంది. అంచు మీద టైరు లివర్ గీసిన పాత గీత ఒకటి ఉంది, క్షయం అక్కడి నుంచే లోపలికి పాకింది. ముందు రిమ్ముకు రాతిదెబ్బ ఎలాగో వెనక రిమ్ముకు ఆ గీత అలాగన్నమాట. పై పొర ఎక్కడో ఒకచోట తెగింది, ఉప్పునీరు లోపలికి చేరింది, యాసిడ్ దాని పనిని సుళువు చేసింది.

ఆ తెల్లగీతల తీరు గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మరమ్మతు దాని మీదే ఆధారపడి ఉంది. లోహ శాస్త్రంలో దీన్ని ఫిలిఫార్మ్ క్షయం అంటారు. గీత తల దగ్గర ప్రాణవాయువు తక్కువ, తోక దగ్గర ఎక్కువ. ఈ తేడాయే దాన్ని ముందుకు నడుపుతుంది. తల భాగంలోని ద్రవం ఆమ్లంగా మారి తాజా లోహాన్ని తింటూ సాగితే, వెనక తోకలో తెల్లని పొడి మిగులుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నచోట ఇది నీళ్ళు పడకపోయినా సాగుతూనే ఉంటుంది. కాబట్టి పైన మైనం పూయడం వల్ల, ఎంత ఖరీదైన కోటింగు వేయడం వల్ల కూడా ఇది ఆగదు. అప్పటికే లోపల చిక్కుకున్న తేమ, లవణం చాలు. తల ఎక్కడున్నదో చూసి, అక్కడికి కొంచెం అవతల దాకా పొరను తీసి, శుభ్రమైన లోహం కనిపించే వరకు వెళ్ళడం ఒక్కటే మార్గం.

మరమ్మతు

వెనక రిమ్ము పని సులభం, అది కంటికి కనిపించేది కాదు కాబట్టి. లేచిన పెయింటునంతా తీసి, బీడు గట్టును నైలాన్ రాపిడి ప్యాడ్‌తో, తరువాత తడి వాటర్ పేపర్‌తో గట్టి లోహం వచ్చేదాకా సాపు చేశాను. ఇక్కడ డ్రిల్లుకు తగిలించే ఇనుప తీగల బ్రష్షు వాడితే పని త్వరగా అవుతుంది గాని, గట్టు మీద గాట్లు పడితే గాలి మళ్ళీ అక్కడినుంచే పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఎపాక్సీ ప్రైమర్‌ను పలచగా ఒక పొర వేసి పూర్తిగా గట్టిపడనిచ్చాను. రబ్బరు వాల్వును కొత్తది వేయించాను. టైరు ఎక్కించేటప్పుడు గిన్నెల సబ్బు కాకుండా టైరు మౌంటింగ్ పేస్టు వాడమని చెప్పాల్సి వచ్చింది. గిన్నెల సబ్బుల్లో చాలావాటిని చిక్కబరచడానికి మామూలు ఉప్పే కలుపుతారు, అది బీడు కింద చిక్కుకుపోతే ఇంత చేసిందీ వృథా. చక్రం మళ్ళీ బ్యాలెన్సు చేయించి, పైపూత ఉన్న బరువులను జిడ్డు తుడిచిన చోట అతికించి, సబ్బునీళ్ళ పరీక్ష తిరిగి చేస్తే నురగ రాలేదు.

ముందు రిమ్ము అంచు దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. చెక్కిన అంచులు త్వరగా పాడవడానికి కారణం వాటి తయారీలోనే ఉంది. నునుపైన లోహం మీద పొరకు పట్టు తక్కువ, పదునైన మూలల దగ్గర పొర పలచబడుతుంది. పైగా లోహం మెరుపు కనబడాలి కాబట్టి, కింద క్షయాన్ని అడ్డే రంగుప్రైమర్ వేయడానికి వీల్లేదు. నా సలహా ఏమిటంటే, అంచునంతా సాపుచేసి, ఎపాక్సీ ప్రైమర్ మీద వెండిరంగు పెయింటు, దాని మీద క్లియర్ కోటు వేద్దామని. దూరం నుంచి చూస్తే పెద్ద తేడా ఉండదు, మన్నిక చాలా ఎక్కువ. యజమానికి లేత్ గీతల మెరుపే కావాలి. గీతలు పాకిన చోట్లు కొన్నే కావడంతో, అక్కడక్కడ మాత్రమే మరమ్మతు చేయడానికి అంగీకరించాను, మళ్ళీ రావచ్చునని ముందే చెప్పి.

పాత పెయింటును భట్టీలో కాల్చి మొత్తం కొత్తగా పౌడర్ కోటింగు చేయించమని కొందరు సూచిస్తారు. పోత అల్లాయ్ చక్రాలకు తయారీలోనే ఉష్ణచికిత్స చేసి బలం తెప్పిస్తారు. పెయింటు కాలిపోయేంత వేడి ఆ బలాన్ని తగ్గించగలదు కాబట్టి ఆ మార్గాన్ని పరిశీలించనే లేదు.

ప్రతి గీతనూ దాని తల దాటేదాకా తెరిచి, గోరుకు ఎక్కడా లేవని గట్టి అంచు వచ్చేవరకు క్లియర్ కోటును తీశాను. 400 నెంబరు వాటర్ పేపర్‌తో తెల్లపొడిని, దాని కింది గుంటలను తీసి, 800తో సాపు చేసి, పాత కోటు అంచును వాలుగా పలచబరిచాను. పొరకు పట్టు ఉండాలి గనుక అంతకన్నా నునుపు చేయలేదు. తెరిచిన అల్యూమినియం వెంటనే మళ్ళీ ఆక్సైడ్ కట్టడం మొదలుపెడుతుంది, దాని మీద చేతి చెమట కూడా ఉప్పే. అందుకే చేతొడుగులు వేసుకుని, చక్రాన్ని వెచ్చని గాలితో పూర్తిగా ఆరబెట్టి, ఆల్కహాల్‌తో తుడిచి, అదే పూట 2కే (గట్టిపరిచే ద్రవం కలిపి వాడే రెండు భాగాల) క్లియర్ కోటును పలచని పొరలుగా వేశాను. ఈ కోటులోని గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. గుడ్డ మాస్కు దీనికి చాలదు, తగిన రెస్పిరేటర్ లేనివారు ఈ దశను పెయింటర్‌కు అప్పగించడం మంచిది. మరమ్మతు చేసిన చోట లేత్ గీతలు తెగిపోయి, మెరుపు కొంచెం మసకగా కనిపించింది. అది దాచడానికి వీలైనది కాదు.

రక్షణ, అప్పగింత, తరువాతి సంగతి

రక్షణ కోసం సెరామిక్ కోటింగు వేయమని యజమాని అడిగారు. సిలికా ఆధారంగా తయారయ్యే ఆ పొర చాలా పలచనిది. మసి అతుక్కోకుండా, నీళ్ళు నిలవకుండా చేయడంలో మంచిదే గాని, రాతిదెబ్బను ఆపే శక్తి దానికి లేదు, కొత్త క్లియర్ కోటులోని ద్రావకాలు పూర్తిగా ఆవిరి కాకముందే వేస్తే రెండు పొరలకూ చేటు. కాబట్టి ముందు చక్రపు అంచును కొంతకాలం అలాగే వదిలి, నల్ల పెయింటు భాగాలకు, వెనక చక్రానికి మాత్రం సింథటిక్ సీలెంట్ పూశాను. కర్నూబా మైనం కూడా చెడ్డది కాదు, కాకపోతే షాంపూకు త్వరగా పోతుంది, తరచుగా పూసే ఓపిక ఉన్నవారికి సరిపోతుంది. ఏది పూసినా స్పాంజి మీద తీసుకుని పూయాలి గాని చక్రం మీదికి స్ప్రే చేయకూడదు. డిస్కు మీద పడితే బ్రేకు పట్టదు, టైరు నడిచే భాగం మీద పడితే బండి జారుతుంది.

స్పోకుల చక్రం, క్రోమ్ రిమ్ము ఉన్నవారు ఈ పద్ధతిని యథాతథంగా తీసుకోకూడదు. అక్కడ పైనున్న క్రోమియం మందం సాధారణంగా ఒక మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. తుప్పును ఆపేది దాని కింద ఉన్న నికెల్ పొర. తుప్పు బయట నుంచే కాక స్పోకు నిపుళ్ళ (స్పోకులను రిమ్ముకు బిగించే చిన్న నట్ల) రంధ్రాల గుండా నీరు దిగి రిమ్ము టేపు కింద నుంచి కూడా మొదలవుతుంది. పైపై తుప్పుచుక్కలను తడిపిన అల్యూమినియం ఫాయిలు ఉండతో రుద్దితే చాలావరకు పోతాయి, ఎందుకంటే అల్యూమినియం క్రోమియం కన్నా మెత్తన.

చక్రాలు బిగించేటప్పుడు ఇరుసు నట్లను తయారీదారు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించి, చైను వరుస సరిచూసి, డిస్కులను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, బ్రేకు లివర్ గట్టిపడేదాకా నొక్కి, నెమ్మదిగా నడుపుతూ బ్రేకులు పలుమార్లు పరీక్షించాకే బండి అప్పగించాను. చైన్ లూబ్ విషయం కూడా అప్పుడే చెప్పాను. ప్రయాణం తరువాత వెచ్చగా ఉన్న చైనుకు లోపలి వైపు నుంచి కొద్దిగా పూసి, కాసేపటికి అదనంగా ఉన్నది గుడ్డతో తుడిస్తే రిమ్ము మీదికి చిమ్మే జిడ్డు చాలావరకు తగ్గుతుంది. స్టీలు పీచు అవసరం పడేది అసలు ఆ అదనపు లూబ్ వల్లనే. వారానికోసారి మంచినీళ్ళతో ఉప్పు కడిగి పొడిగుడ్డతో తుడవడం, కొత్త రాతిదెబ్బ కనిపించినప్పుడు దాన్ని తడి లేకుండా ఆరబెట్టి టచప్ క్లియర్ చుక్క పెట్టడం మాత్రమే ఆయన చేయాల్సిన పని.

వానాకాలం గడిచాక బండి మళ్ళీ పరీక్షకు వచ్చింది. వెనక టైరులో గాలి నిలుస్తోంది, బరువుల చుట్టూ తెల్లపొడి లేదు, ఊచల మొదళ్ళలోని మసి షాంపూకే వదులుతోంది. ముందు రిమ్ము మీద మరమ్మతు చేసిన చోట్లలో, వాల్వుకు దగ్గరగా ఉన్న ఒకదాని అంచున సన్నని తెల్లగీత మళ్ళీ పుట్టింది. అక్కడ పాత కోటు, కొత్త కోటు కలిసే గీత నుంచి తేమ దూరింది. ఈసారి యజమాని వెండిరంగు పెయింటుకు ఒప్పుకున్నారు. టైరు మార్చాల్సిన సమయం దగ్గర్లోనే ఉంది కాబట్టి, అది విప్పినప్పుడే ముందు రిమ్ము అంచునంతా తెరిచి ఎపాక్సీ ప్రైమర్ నుంచి మొదలుపెట్టాలని, అప్పటిదాకా ఆ ఒక్క చోట టచప్ క్లియర్‌తో మూసి ఉంచాలని నిర్ణయించాం.